ఎండుమిరప రంగు స్వెట్టర్

వాన పడిన సాయంత్రాల్లో పని నుంచి ఇంటికి వస్తుంటే, బస్సులో నా పక్క సీట్లో ఎవరో ఒకరు తడిసిన ఉన్ని కోటుతో వచ్చి కూర్చుంటారు. కాసేపటికి లోపలి వెచ్చదనానికి ఆ కోటు నుంచి తడి గొర్రె వాసన, దాని వెనకే ఏళ్ళ తరబడి బీరువాలో మగ్గిన కలరా ఉండల వాసన లేస్తాయి. మిగతావాళ్ళు మొహం తిప్పుకుంటారు. నేను మాత్రం, అలసటతో మూతలు పడే కళ్ళతోనే, ఇంకొంచెం అటు జరిగి కూర్చుంటాను.

డెబ్బైల చివర, అమ్మానాన్న దేశం దాటి వచ్చాక, మా ఇల్లు శాంటా క్లారాలో. ఇళ్ళ మధ్య అప్పటికింకా ఆప్రికాట్ తోటలు మిగిలి ఉండేవి. వసంతం రాకముందే తెల్లటి పూరేకులు రోడ్డు మీద రాలిపడేవి, వేసవిలో పండ్లను డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ నుంచి పాకం వాసన మా బడి దాకా వచ్చేది. అమ్మ, నాన్న ఇద్దరూ ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే చోట పనిచేసేవారు. అమ్మ రోజంతా భూతద్దం కింద వెంట్రుకల్లాంటి తీగలు అతికించి, ఇంటికొచ్చి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పది నిమిషాలు పడుకుని, లేచి వంట చేసేది. వారం మొత్తానికి ఆమెకున్న ఒకే ఒక్క సరదా శనివారం పొద్దున్న మేమిద్దరం పాతబట్టల దుకాణానికి వెళ్ళడం.

ట్యూబులైట్ల వెలుగులో బారులు తీరిన బట్టల మధ్య దూరి, మఖమల్ గౌన్లకు చెంప రాసుకుంటూ, ఎవరివో కోట్ల జేబుల్లో చెయ్యి పెట్టి చిరిగిన సినిమా టికెట్టో, పిప్పరమెంటు కాగితమో దొరికితే నిధి దొరికినట్టు సంబరపడేదాన్ని. అమ్మ స్వెట్టర్లను తిరగేసి, పక్క అతుకు మాత్రమే చూసేది. బట్టను కత్తిరించి మిషను మీద కుట్టినదైతే తిరిగి పెట్టేసేది. దాన్ని విప్పితే ఉన్ని జానెడు జానెడు ముక్కలుగా ఊడివస్తుంది. చేత్తో అల్లినదైతే మెడ దగ్గర ఒక్క కొస దొరికితే చాలు, స్వెట్టరంతా ఒకే దారంగా వచ్చేస్తుంది. అమ్మది నర్సాపురం వైపు. ఇంటింటా ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లే చోటు. ఏడేళ్ళకే సూది పట్టిన ఆ చేతులకు, ఒకసారి ఒంటి మీద మెత్తబడిన ఉన్ని అంటేనే ఇష్టం.

మధ్యాహ్నం అమ్మ కొస పట్టి లాగుతుంటే, నేను దారాన్ని కుర్చీ వీపుకు చుట్టేదాన్ని. వరస ఊడినప్పుడల్లా కర్ కర్ మని చిన్న చప్పుడు. ఉడికిన సేమ్యాలా మెలికలు తిరిగిన ఆ ఉన్నిని సబ్బునీళ్ళలో ఉతికి, కింద నీళ్ళ డబ్బా బరువు కట్టి స్నానాల గదిలో వేలాడదీస్తే, తెల్లారేసరికి మెలికలన్నీ పోయేవి.

"ఎవరైనా అడిగితే మా అమ్మ అల్లిందని చెప్పు. అంతవరకే చెప్పు," అనేది.

ఆదివారాలు అయిదారు తెలుగు కుటుంబాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థనకు కలిసేవాళ్ళం. అందులో సుగుణ ఆంటీ అమ్మకు అందరికన్నా దగ్గర, నోరు మాత్రం పదును. "సచ్చినోళ్ళ గుడ్డలక్కా అక్కడ అమ్మేవి. ఎలా తొడుక్కుంటారో మహానుభావులు!" అనేది. అమ్మ టీ కప్పులోకి చూస్తూ, "అవునే," అనేది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, చలికాలంలో ఎండుమిరప రంగు స్వెట్టరొకటి దొరికింది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. "ఎవరో కొత్తగా నేర్చుకున్నారే! చూడు, ఓ చెయ్యి నాలుగు వేళ్ళు పొడుగు," అని అమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. దాన్ని విప్పి క్రిస్మస్‌కు నాకు బొత్తాల కోటు అల్లి, మిగిలిన ఉన్ని ఒక సంచిలో దాచింది. నూనె అంటుతుందని, గులాబీ పువ్వుల్లాంటి పండగ పిండివంటలు కూడా చేయి చాచి దూరంగా పట్టుకుని తిన్నాను, ఆ కోటంటే అంత మురిపెం.

జనవరిలో ఒక ఆదివారం సుగుణ ఆంటీ, తన కోసం ప్రార్థన చేయమని అడిగింది. వాళ్ళమ్మ వానాకాలంలో పోయింది, చివరిచూపుకు ఆంటీ వెళ్ళలేకపోయింది. ఆ తర్వాత ఇల్లు మారుతుంటే అంకుల్ పొరపాటున ఒక సంచిని దానం చేసే బట్టల్లో పడేశాడు. "మా అమ్మ స్వెట్టరు దాంట్లో పోయింది. ఇక్కడ చలని ఎవరో చెబితే, అరవై ఏళ్ళప్పుడు కూచుని నేర్చుకుని, అల్లి పంపింది. ఎండుమిరప రంగు. చేతులు రెండూ సమానంగా కూడా రాలేదు పిచ్చిదానికి."

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచి చూస్తే అమ్మ కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఆ ఉన్ని నా ఒంటి మీద ఉంది.

ఇంటికి రాగానే, "విప్పు," అంది అమ్మ.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నలుగురిలో తలెత్తుకోవద్దా?" అన్నాడు నాన్న.

"నాకు తెలుసుగా."

నా కోటు విప్పుతుంటే ఏడ్చాను. మూడు వారాలు, పని నుంచి వచ్చి, వంటయ్యాక, అమ్మ ఆ పాత స్వెట్టరును గుర్తు చేసుకుంటూ మళ్ళీ అల్లింది, పొడుగు చెయ్యితో సహా. శనివారం ఆంటీ వంటింట్లో బల్ల మీద పెట్టి, ఎక్కడ కొన్నదీ, ఏం చేసిందీ అంతా చెప్పేసింది. మమ్మల్ని గెంటేస్తుందనుకుని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆంటీ దాన్ని తొడుక్కుని, రెండు చేతులూ చాపి, చాలాసేపు చూసుకుంది.

"కొలతలన్నీ సరిపోయాయక్కా. కానీ మా అమ్మకి ఇంత బాగా రాదు." చేతి అంచు తిప్పి చూసి అడిగింది. "కొంచెం పాడుచెయ్యగలవా?"

అమ్మ స్వెట్టరు చేతులు రెండూ విప్పి, మళ్ళీ అల్లడానికి కూర్చుంది. కావాలని ఒక కుట్టు వదిలితే, కావాలని వదిలినట్టే ఉండేది. రెండు రోజులు విసిగి, సూదులు నా చేతిలో పెట్టింది. "నువ్వల్లు. నేనిటు చూడను." అప్పుడప్పుడే నేర్చుకుంటున్న నేను, వేళ్ళు చెమట పడుతుంటే, ఒకచోట పీకి, ఒకచోట వదిలి, మధ్యలో కన్నాలు పెట్టి రెండు చేతులూ పూర్తిచేశాను. యాభై దాటాక తెలుగు అక్షరాలు దిద్దినప్పుడు కూడా నేను అంత కష్టపడలేదు.

ఆంటీ ఆ స్వెట్టరు చేతుల్ని మొహానికి ఆనించుకుని, "ఇదిగో, ఇదే," అంది. తర్వాతి శనివారం పిలవకుండానే వచ్చి మా కారెక్కింది. "పదండి, ఆ సచ్చినోళ్ళ కొట్టేదో నేనూ చూస్తాను."

తోటలు పోయాయి. ఆ దుకాణం ఉన్నచోట అద్దాల ఆఫీసు కట్టారు. అమ్మ పోయాక ఏడాది తిరక్కుండానే ఆంటీ కూడా పోయింది. మొన్న చలికాలం ఆంటీ కూతురు ఆ స్వెట్టరు తెచ్చి, "మోచేయి చిరిగిందక్కా, నువ్వు అల్లిందేగా, నువ్వే రిపేర్ చెయ్యి," అంది. పని నుంచి వచ్చి నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. ఎన్నిసార్లు విప్పి అల్లినా ప్రతి కుట్టూ గీత గీసినట్టు సమంగా వచ్చింది, పక్కనున్న వరసల్లో ఎవరో పరాయి మనిషి కూర్చున్నట్టు. చివరికి అల్లిందంతా విప్పేసి, చిరుగు ఇంకా పెరగకుండా చుట్టూ ఒక దారం మాత్రం తిప్పి, అలాగే వేసుకోమని ఇచ్చేశాను.