దిగుడులో ఆపిన టర్బో

మా బావది పాత పెట్రోలు కారు. రోజూ పొద్దున మా బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్. నుంచి బయలుదేరి, అక్కను కోలారు ఆసుపత్రి దగ్గర దింపి, తను ఇంకా అవతల ఉన్న నరసాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాడు. దానికి ఆ కారు చాలు. ఆయనకు చాలలేదు. ఇంజను బలం పెంచే టర్బో కావాలన్నాడు.

అక్క అప్పుడే నర్సుగా చేరింది. ప్రొబేషన్‌లో ఆలస్యంగా వస్తే పర్మనెంటు చెయ్యబోమని ముందే చెప్పారు. అందుకే ఆ కారుకు ఏమవుతుందోనన్న భయమంతా ఆమెదే.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. వద్దనడానికి కారణాలు వరసగా చెప్పాను. ఇంజను దానికి తగ్గది కాదు. క్లచ్ తట్టుకోదు. అన్నిటికంటే ముఖ్యం ఆయిల్. టర్బో చక్రం ఇంజను వదిలే వేడి పొగతో తిరుగుతుంది, దాని బేరింగులను కాపాడేది ఇంజను పంపే ఆయిలే. వేగంగా తోలి టక్కున ఆపితే ఆ ఆయిల్ లోపలే మాడిపోతుంది.

"నువ్వు చదివినావప్పా. మా తాత గనిలో వైండర్ తోలినోడు. మనుషుల్ని భూమిలోకి దించి ఎత్తినోడు. ఇంజన్ల సంగతి మాకు చెప్తావా?" అన్నాడు బావ.

గనులు మూసేనాటికి ఈయన లాగూ వేసుకుని బడికి పోతున్నాడు. తాత పనితనంలో ఈయన వాటాకు వచ్చింది ఆ మాట చెప్పుకోవడం ఒక్కటే.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక షెడ్డులో పని జరిగింది. ఆన్‌లైన్లో తెప్పించిన టర్బో కిట్టు పెట్టె విప్పారు. ఆయిల్ తిరిగి దిగడానికి ఇంజను అడుగున ఉండే ఆయిల్ సంపుకు రంధ్రం చేశారు. ఎగ్జాస్టు గొట్టం కోసి అతికారు. బిగించే పద్ధతి రాసిన కాగితం మీద టీ గ్లాసులు పెట్టారు. బావ మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు.

ఆ తర్వాత టీ కొట్టు కనిపిస్తే చాలు, యాక్సిలరేటర్ తొక్కి టర్బో ఈల వినిపించేవాడు. ఇంత ఆర్భాటం చేసిన మనిషి, దిగుడు రాగానే తాళం తిప్పి ఇంజను ఆపి, బండిని న్యూట్రల్లో జారనిచ్చేవాడు. పెట్రోలు మిగులుతుందట. మా వైపు చాలామందికి ఈ అలవాటు ఉంది. కానీ వాళ్ళెవరూ పెట్రోలు తాగే యంత్రాన్ని కోరి తగిలించుకోలేదు. కోలారు దాకా వాళ్ళతో వచ్చే నేను, ఆపొద్దని వెనక సీట్లోంచి ఎన్నిసార్లు చెప్పినా ఒకటే జవాబు.

"దిగుడులో ఇంజన్ ఎందుకప్పా? బండి దానంతటదే పోతా ఉండాది గదా."

నెల తిరగకముందే, బంగారుపేట ఇంకా రాకుండానే, ఒక దిగుడు చివర మళ్ళీ స్టార్ట్ చేశాడు. ముందు గీరుకుంటున్న చప్పుడు, వెనక రోడ్డంతా నీలం పొగ. ఆయిల్ మాడి టర్బో బేరింగులు పోయాయి. బండిని పక్కకు తోశాం. అక్క యూనిఫాంలోనే దిగి, వస్తున్న కోలారు బస్సుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఐదు నిమిషాలు ఉండు మే. చల్లారితే స్టార్ట్ అవుతాది," అన్నాడు బావ.

"నువ్వు చల్లారినాక రా," అని ఆమె బస్సెక్కింది.

ఆ రోజు డ్యూటీకి సమయానికే చేరింది. బావ టర్బో తీయించాడు. కిట్టు మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటున్నాడు. కారు బాగయింది గానీ అక్క మళ్ళీ ఎక్కలేదు. గంట ముందు లేచి, మిగిలిన ప్రొబేషన్ అంతా బస్సులోనే పోయివచ్చి, పర్మనెంటు అయింది.