నోరు విప్పిన గాజు పళ్లేలు

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ సీసాలక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా సీసాలు, గాజు పళ్లేలు కడగడం, బల్లలు తుడవడం, పనికిరానివి పారేయడం ఆమె పని. చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగింది. చెవులు మాత్రం పాము చెవులు.

ఆ ఏడాది కొత్తగా చేరిన పరిశోధకురాలు పళ్లేల్లో నాడీకణాలను పెంచసాగింది. అవి దారాల్లాంటి కొమ్మలు చాచి ఒకదాన్నొకటి తాకాయి. కానీ తాకడం వేరు, మాట కలపడం వేరు. ఒక కణం చిటికెడు రసాయనం వదలాలి, అవతలిది అందుకోవాలి. ఆ ఇచ్చిపుచ్చుకునే చోటే సైనాప్స్. సంకేతం అందినప్పుడల్లా పళ్లేనికి తీగతో కలిపిన స్పీకరు టప్‌మనాలి. మూడు నెలలైనా కిక్కురుమనలేదు.

ఒక ఉదయం పరిశోధకురాలు తల పట్టుకుని కూర్చుంది. చెత్త తీయడానికి వచ్చిన సీసాలక్క ఆగింది.

"తల్లీ, ఒకటడుగుతా, నవ్వకూడదు."

"అడుగక్కా."

"నీకంటే ముందు పనిచేసినాయన పళ్లేలు ఇంత శుభ్రంగా ఉండేవి కావు. ఏవేవో కణాలు కలిసుండేవి. కానీ వాటికి నోరుండేది! నేను బల్ల తుడుస్తుంటే టపటపలాడేవి. నువ్వేమో ఏరి ఏరి మిగతావన్నీ నాచేత పారేయిస్తున్నావు."

పరిశోధకురాలు నవ్వబోయి ఆగిపోయింది. పారేస్తున్నవి మెదడులో నాడీకణాలను అంటిపెట్టుకుని ఉండే ఆసరా కణాలు.

"అక్కా! ఇవాళ్టివి పారేశావా?"

"ఇదిగో, నా చేతిలోనే ఉన్నాయి!"

ఆరు పళ్లేలు సిద్ధం చేశారు. మూడింటిలో ఆసరా కణాలను జల్లెడలాంటి పొర మీద ఉంచి పైన అమర్చారు. అవి నాడీకణాలను తాకవు, ద్రవం మాత్రం రెంటికీ ఒకటే. మిగతా మూడింటికి ఉత్త పొరలు.

"ఏది ఏదో నాకు తెలియకూడదు. తెలిస్తే నా చెవి దానికి కావలసిందే వింటుంది. నేను చూడకుండా కలిపేసి అంకెలు నువ్వే వెయ్యి, ఏది ఏదో కాగితం మీద రాసి దాచు," అంది పరిశోధకురాలు.

రెండు వారాలు ఆ రహస్యాన్ని కడుపులో దాచుకోవడం సీసాలక్కకు గగనమైంది. బస్సు నడిపే ఆమె భర్త, "ఏంటే, కంచం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తున్నావ్?" అని అడిగాడు.

"చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"నీకు చెబితే బస్సెక్కిన వాళ్లందరికీ చెప్పినట్టే!"

పరీక్ష రోజు పొరలు తీసేశారు. ఒకటో పళ్లెం మౌనం. రెండోదీ అంతే. మూడోదానికి టప్... టప్ టప్... అంతలోనే రేకుల మీద వాన!

"అక్కా!" అని అరిచింది పరిశోధకురాలు. సీసాలక్క పెదవి కొరుక్కుంది. ముఖం మాత్రం దాచలేక గోడవైపు తిరిగింది.

"మూడు, నాలుగు, ఆరు మాట్లాడాయి. ఇప్పుడు చూపించు."

సీసాలక్క మడత కాగితం విప్పి బల్ల మీద పరిచింది. మూడు, నాలుగు, ఆరు! ఇద్దరూ చేతులు పట్టుకుని గెంతారు.

తరువాత మైక్రోస్కోపులో, పంపే కొసలకు ఎరుపు, అందుకునే చోట్లకు ఆకుపచ్చ రంగు వేసి చూశారు. రెండూ కలిసినచోట పసుపు చుక్కలు, లెక్కలేనన్ని.

"ఒక్కో చుక్కలో రెండు కణాల మధ్య సందు వెంట్రుక మందంలో సుమారు నాలుగు వేలవ వంతేనక్కా."

"అంత సందులోంచా ఈ గోలంతా!"

ఆసరా కణాలు ద్రవంలోకి ఏం వదులుతున్నాయో తేలడానికి మరో రెండేళ్లు పట్టింది. అప్పటికి సీసాలక్క కణాల గదికి మారింది. యాభై రెండో ఏట పొర అమర్చడం నేర్చుకుని, కొత్తవాళ్లకు తనే నేర్పుతోంది: "మెల్లగా నాయనా! అవింకా పరిచయాల్లోనే ఉన్నాయి."