ముందు ఏ ఫోల్డరు తియ్యమంటావు?

ఈ రోజు మధ్యాహ్నం కోహ్కాలోని నా కంప్యూటర్ రిపేరు షాపుకి మా వీధిలో ఉండే సత్యవతి అక్క వచ్చింది. ఆవిడ భర్త ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు సూపర్‌వైజరు. రెండు నెలల క్రితం అక్కడే రెయిలింగ్ ఊడి, పై అంతస్తు నుంచి పడి చనిపోయారు. ఆయన కంప్యూటర్ ఆన్ కావడం లేదని తెచ్చింది. హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది. చాలాసేపు కుస్తీ పడితే ఫోల్డర్ల పేర్లు కనిపించాయి.

"అక్కా, ఇది ఎక్కువసేపు నడవదు. ఒకటో రెండో ఫోల్డర్లు వస్తాయేమో. పెళ్లి వీడియో ఉంది, పాప చిన్నప్పటి ఫోటోలున్నాయి. ఏది ముందు తియ్యమంటావు?" అని అడిగాను.

"రెయిలింగ్ అని ఏదైనా ఉందేటి తమ్ముడూ? పెహ్లే అదే తియ్యి. ఊగిపోతందని ఫోటోలు తీసి ఆఫీసుకి మూడుసార్లు రాసేరు. ఇప్పుడేమో అసలు ఎవరూ చెప్పనేలేదంటన్నారు."

ఆ ఫోటోలు, మూడు ఉత్తరాలు పెన్‌డ్రైవ్‌లోకి పూర్తిగా వచ్చాయి. పెళ్లి వీడియో మొదలుపెట్టగానే డిస్క్ ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ తిరగలేదు.

ఆ మాట చెప్తే ఆవిడ పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకుని, "పెళ్లి నాకు గుర్తుందిలే" అంది.

బ్యాకప్ తీసుకోమని ఇన్నేళ్లుగా అందరికీ చెప్తున్నాను. చెప్పినప్పుడల్లా ఫోటోల గురించే చెప్పాను. మీరు పనిచేసే చోట ఇచ్చిన ఫిర్యాదులకు మీ దగ్గర కాపీ ఉందా?