మేస్త్రీ చెప్పిన రెండు ఖలాస్‌లు

మొన్న మంగళవారం మధ్యాహ్నం అహ్మదిలో స్టాఫు బస్సు తీయబోతుంటే ఫోన్ మోగింది. సబ్హాన్ వర్క్‌షాపులో పనిచేసే వెల్డరు. "మేస్త్రీ ఖలాస్ అన్నా" అన్నాడు. కువైట్‌లో పని ముగిసినా ఖలాసే, ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ ఇఖామా రద్దు చేసుకుని ఇంటిదారి పట్టినా ఖలాసే. మేస్త్రీ నాలుగేళ్లుగా "ఈసారి ఖలాస్ చేసుకోని కడపకు పోతా" అంటూనే ఉన్నాడు. అందుకని నవ్వేసి, "మంచి పని చేసినాడు లేప్పా, ఇంటికి పోయి సుఖపడనీ" అన్నాను. బస్సు నిండింది, ఫోన్ పెట్టేశాను. ఆ పొద్దున మేస్త్రీ పనిలోనే గుండెనొప్పితో కూలబడి ప్రాణం పోయిందని మరుసటి రోజు సాయంత్రం మాతో క్రికెట్ ఆడే ఇంకొకతను చెబితే తెలిసింది. అప్పటికే ఇక్కడి ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చేశారు. ఉండాల్సినవాళ్లలో మొదటివాణ్ణి నేను. లేను.

మీకు ఆయన తెలియడు. సబ్హాన్‌లో అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే షెడ్డుకు మేస్త్రీ. శుక్రవారాల్లో మాత్రం మా సీమవాళ్ల టెన్నిస్ బంతి క్రికెట్‌లో ఒక టీముకు పెద్ద. బ్యాట్ పట్టగా ఎవరూ చూడలేదు. పని బూట్లతోనే గ్రౌండుకు వచ్చి, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని ఊదుకుంటూ కూర్చునేవాడు. సిక్సర్ కొట్టినా చప్పట్లు ఉండవు. ఓడిన రోజు మాత్రం వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు.

సీజనుకు ముందు ఆరు టీముల పెద్దలు ఒక గదిలో కూర్చుని ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుంటారు. పేరు చెప్పి "ఖలాస్" అన్నారంటే ఇక మాట మార్చేది లేదు. నేను వెళ్లిన ఏడు, పద్నాలుగు రౌండ్లలో పదమూడు అయిపోయాయి, నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంటి డ్రైవర్ని. మా వీధి టీముకు తప్ప ఎక్కడా ఆడినవాణ్ణి కాదు. గోడకు ఆనుకుని నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

"రాయచోటి పిల్లోడు. కీపరు. ఖలాస్" అన్నాడు మేస్త్రీ.

గదంతా గొల్లున నవ్వింది. "హౌస్ డ్రైవర్నా మేస్త్రీ? ఆ ఇంటి మామా ఫోన్ చేస్తే గ్లోవ్స్ పారేసి ఉరుకుతాడు!" ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అనే పిలుస్తాం.

"ఉరికితే ఉరకనీప్పా. వానికి కండ్లుండాయి, నోరుండాది. వెనకాల నిలబడి అందర్నీ ఆడిస్తాడు. ఒకన్ని తీసుకుంటే నమ్మాల, నమ్మలేనప్పుడు తీసుకోగూడదు."

ఆయన నన్ను చూసింది ఒక్కసారే. మా ఇంటివాళ్ల వంటగది తలుపు కోసం సబ్హాన్ వెళ్లి, పని అయ్యేదాకా షెడ్డు బయట వర్కర్లతో ఆడాను. ఎవరెక్కడ నిలబడాలో వికెట్ల వెనక నుంచి అరుస్తూ తలుపు సంగతే మరిచిపోయాను. ఆయన తలుపు కొలుస్తున్నాడనుకున్నాను. నన్నే కొలిచాడని ఆ గదిలో అర్థమైంది.

మొదటి మ్యాచిలోనే వాళ్లన్నట్టు జరిగింది. నాలుగో ఓవర్లో మామా ఫోను. పిల్లకు ఒళ్లు బాలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, యల్లా, తొందరగా రా అని. గ్లోవ్స్ మేస్త్రీ చేతిలో పెట్టి పరుగెత్తాను. యాభై దాటిన మనిషి ఆ బూట్లతోనే వికెట్ల వెనక నిలబడ్డాడు. బంతి కోసం గట్టి నేల మీద పడితే ఎడమ చిటికెన వేలు వంకర తిరిగింది, మళ్లీ తిన్నగా కాలేదు. మరుసటి శుక్రవారం నేను తలెత్తలేక నిలబడితే, "పనికి పోయినావు అబ్బీ, పారిపోలేదు గదా" అని ఖుబ్జ్ రొట్టెల కవరులోంచి గ్లోవ్స్ తీసి ఇచ్చాడు. ఎప్పుడూ వాటిని ఆ కవరులోనే చుట్టి దాచేవాడు. సగం సీజనుకే నన్ను కెప్టెన్ను చేశాడు, ఫైనల్ దాకా వెళ్లాం. వారమంతా ఇంకొకరి మాట వినేవాణ్ణి, శుక్రవారం పదిమంది నా మాట వినేవాళ్లు. ఆ రుచి చూపించింది ఆయనే.

మరుసటి ఏడు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కంపెనీలకు మారడానికి కొన్నాళ్లు వీలు దొరికింది. అహ్మది టీము పెద్ద ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. "మా టీముకు రా, బస్సు డ్రైవరుగా పెట్టిస్తా" అన్నాడు. నన్ను ఇఖామా మీద పెట్టుకున్న మా కఫీల్ కూడా సరేనన్నాడు. మేస్త్రీకి చెప్పాలని రెండుసార్లు సబ్హాన్ వెళ్లి, వీధి మొదట్లోంచే బండి తిప్పుకొచ్చాను. పాతవాళ్లలో ఒకరిని ఉంచుకునే హక్కు ప్రతి టీముకూ ఉంది. ఆయన నన్ను ఉంచుకుంటే ఆ ఉద్యోగం నాకు దక్కదు. పంపకాల రోజు ఆయన నావైపు చూశాడు. నేను మళ్లీ చెప్పులే చూసుకున్నాను.

"కీపర్ని వదిలేస్తాండా. ఖలాస్" అన్నాడు.

ఉద్యోగం సంగతి తెలిసి వదిలాడా, మనసు విరిగి వదిలాడా? ఏడాదిగా ఇదే నన్ను తినేస్తోంది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. ఇప్పుడు నాకు శుక్రవారం సెలవు కూడా ఉంది. అయినా వెళ్లలేదు. పిరికితనం, ఇంకేమీ కాదు.

నిన్న సబ్హాన్ షెడ్డుకు వెళ్లాను. వెల్డరు ముఖం తిప్పుకున్నాడు. ఆ రోజు ఫోన్లో నా నవ్వు అతను మరిచిపోలేదు. నేను అనుకున్న అర్థం వేరని చెబితే ఊరికే తలూపాడు.

"నా గురించి ఏమైనా అనేవాడా?"

"ఏమీ అనల్యా. నువ్వు పోయినాక కీపర్ని మాత్రం తీసుకోల్యా. ఆఖరి రౌండులో అందరూ అడిగితే, మాకు కీపరుండాడు అనె. సీజనంతా ఆయప్పే నిలబడె" అన్నాడు.

లోపలికి వెళ్లి ఖుబ్జ్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా గ్లోవ్సే. ఎడమదానికి చిటికెన వేలి దగ్గర షెడ్డు కత్తితో కోసిన సందు ఉంది, ఆ వంకర వేలు పట్టడానికి. తొడుక్కున్నాను. నా వేలు తిన్నగానే ఉంది. ఆ సందులోంచి జారి బయటికొచ్చి నిలబడింది.