మోకాలి కింద బొంత

మొదట ఆ కబురు నాకు తెచ్చింది, తాండూరులో మా ఆయన పనిచేసే బండల పాలిషింగ్ యూనిట్ ముందు చాయ్ అమ్మే అక్క. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో ఉరికి వచ్చింది. "చెల్లె, పరేషాన్ కాకు. పానం మంచిగనే ఉన్నది. మోకాలే జర అటు తిరిగింది," అంది. ప్రాణం నిలిపినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ తర్వాత జరిగినవాటికి స్తోత్రం అంత తొందరగా నోటికి రాలేదు.

ఇద్దరు కలిసి బండ మోసేటప్పుడు ముందున్నవాడు కేక వేశాకే ఇద్దరూ దించాలి. ఆ రోజు లారీవాడు తొందరపెడుతున్నాడు. కేక లేకుండానే ముందు కొస దిగిపోయింది. కోత నీళ్ళూ రాతిపిండీ కలిసిన బురదలో మా ఆయన పాదం ఇరుక్కుంది. ఒళ్ళు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలి లోపల టప్పుమన్నదట.

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. సూపర్‌వైజరు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి, "బొక్క సాఫ్ ఉన్నది. ఇగ నాటకాలేంది?" అని అందరి ముందూ నవ్వాడు. రెండు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగితే ఎక్స్‌రేలో కనిపించదని అతనికీ తెలియదు, మాకూ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండా నవ్వడం తప్పు. ఆ నవ్వుకు సిగ్గుపడి మా ఆయన పసరు కట్టు కట్టించుకుని నాలుగు నెలలు పనికి పోయాడు. లారీలోకి వేసిన చెక్క పలక మీద బండతో ఎక్కుతుంటే మోకాలు జారి రెండుసార్లు పడ్డాడు. అప్పుడు వికారాబాదులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడి పెద్ద డాక్టరు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పాడు. "తెగిన కొసలు కుట్టినా ఇది అతుక్కోదమ్మా. కొత్తది వేయాలి." తొడ వెనక నుంచి, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు తీస్తారట. దాన్ని మడిచి, కుట్టి, తాడులా చేస్తారట. పై ఎముకకూ కింది ఎముకకూ డ్రిల్లుతో దారి చేసి, ఆ తాడును లోపలికి లాగి, పైన చిన్న బొత్తాంతో, కింద స్క్రూతో బిగిస్తారట.

మా ఆయన అంతా విని, "అంటే మా యూనిట్ల పనే నా బొక్కకు చేస్తరన్నట్టు. నీళ్ళు పోసుకుంట కొడ్తరా సార్, పొడిగనేనా?" అన్నాడు.

"నీళ్ళు పారుతూనే ఉంటాయయ్యా," అని డాక్టరు నవ్వాడు. ఆ చేతులకు నేను ఈనాటికీ కృతజ్ఞురాలినే. ఆపరేషన్ చక్కగా చేశాడు.

ఇంటికి పంపే రోజు కౌంటరులో ఉన్న అమ్మాయి రెండు పేజీల కాగితం ఇచ్చింది. అంతా ఇంగ్లీషు. నేను బడికి పోలేదు. మా నాయన వంటింటి గడప మీద కూర్చోబెట్టి, తెలుగు బైబిలు మీద వేలు పెట్టించి చదువు నేర్పాడు. తెలుగైతే ఎంత చిన్న అచ్చయినా చదువుతాను. "జర తెలుగుల చెప్పుండ్రి," అని అడిగితే, ఆ అమ్మాయి మాత్రల పేర్ల మీద పెన్ను తిప్పి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మిగతాదంతా రాసి ఉంది," అని తన పనిలో పడింది.

ఇంట్లో మా అత్తమ్మ పాత బొంతను నాలుగు మడతలు వేసి కొడుకు మోకాలి కింద పెట్టింది. నొప్పి తగ్గి ఆయన కళ్ళు మూసుకున్నాడు. చూడవచ్చిన మా చర్చి సంఘం ఆడవాళ్ళు, "ఎంత మంచిగ అర్సుకుంటున్నవ్ బిడ్డా," అన్నారు. నేను పొంగిపోయాను. బొంత కొంచెం జారితే నేనే లేచి సర్దేదాన్ని.

మూడు వారాలకు మళ్ళీ పోతే డాక్టరు కాలు పట్టి చూశాడు. మోకాలు తిన్నగా రాలేదు.

"కింద దిండు పెట్టావా అమ్మా?"

"బొంత పెట్టిన సార్."

"పెట్టొద్దని రాసిచ్చాం కదా! వంగినట్టే బిగుసుకుంటోంది. ఇలాగే ఉంటే మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌లోకి పోవాలి."

వంకర కాలితో ఎవరూ పలక ఎక్కలేరు. మా ఆయన నా వైపు చూడలేదు. ఎదురు మాట్లాడడం నా అలవాటు కాదు, కానీ ఆ రోజు గొంతు దానంతటదే లేచింది. "గా కాగితం ఎవ్వల కోసం రాసిన్రు సార్? చదువుకునేటోళ్ళ కోసమా, మీ ఫైలు కోసమా? తెలుగుల గింత రాస్తే నేను చదువుకుంటుంటి కద!"

డాక్టరు గంట కొట్టి తర్వాతివాళ్ళను పిలిచాడు. ఆ పిలుపు మీద నాకు ఇప్పటికీ కోపమే.

వరండాలో నేల తుడుస్తున్న ఆయా అంతా విన్నట్టుంది. మేము బయటికి రాగానే తుడుపుకర్ర గోడకు ఆనించి వచ్చి, మా ఆయనను బల్ల మీద కూర్చోబెట్టి, మడమను ఎదుటి స్టూలు మీద పెట్టింది. మోకాలి కింద ఏమీ లేదు.

"మడమ కింద పెట్టాలె బిడ్డా. మోకాలు గాలిల ఉంటే దాని బరువుకు అదే దిగుతది."

"నీకెట్ల ఎర్క పెద్దమ్మా?"

"మా ఇంటాయనకు గిసొంటి ఆపరేషనే అయింది. నేను గూడ బొంతనే పెట్టిన. ఎవ్వలు చెప్పలే. కాలు గట్లనే వంకరగ మిగిలింది. గప్పటి సంది గీడ ఎవ్వల మోకాలికి పట్టీ కనబడ్డా చెప్తున్న."

ఇంటికొచ్చి బొంతను మడమ కిందికి మార్చాను. మా ఆయన పళ్ళు బిగబట్టాడు. "నా కొడుకును రాచి రంపాన పెడ్తున్నవ్," అని అత్తమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. రోజూ ప్రార్థన అయ్యాక ఆయన్ను నేల మీద కాలు చాపించి, మోకాలి కింద ఎన్ని వేళ్ళు పడతాయో చూసేదాన్ని. నాలుగు పట్టేవి. మూడయ్యాయి. రెండయ్యాయి. ఒకరోజు వేలు పట్టలేదు. అప్పుడు ఆ ఇంగ్లీషు కాగితం తెచ్చి దూర్చి చూశాను. అదీ పోలేదు. అది మాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆయన మళ్ళీ పలక ఎక్కుతున్నాడు. ఇది చదివేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. మీరు ప్రార్థన చేసేవాళ్ళయితే ప్రార్థనలో, కాకపోతే ఊరికే ఒక్క నిమిషం, ఆ ఆయా ఇంటాయనను తలచుకోండి. ఆయనను నేను చూడలేదు. ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక ఆయన కాలు వంగిపోయింది. ఆ బాధతో ఆయా నాకు చెప్పింది, అందుకే మా ఆయన కాలు తిన్నగా వచ్చింది.