సీలింగు పైన హోప్ టౌన్

నేను విశాఖపట్నంలో ఒక చిన్న వర్క్‌షాపులో లైట్ల నమూనాలు గీస్తాను. సీలింగు లోపల ఒదిగి కూర్చుని, కిందికి గుండ్రటి వెలుగు మాత్రం కనిపించే రకం లైట్లు. మామూలుగా వాటికి సీలింగు పైన జానెడు జాగా కావాలి. నేను గీసినదానికి రెండంగుళాలు చాలు. రంధ్రం కోసి, తీగలు కలిపి, రెండు స్ప్రింగులూ వెనక్కి వంచి పైకి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. సీలింగు విప్పక్కర్లేదు, పైకెక్కి చూడక్కర్లేదు. ఆ మాట పెట్టె మీద అచ్చు వేయించాలని పట్టుబట్టింది నేనే.

అలాంటి లైట్లు అండమాన్లో, హోప్ టౌన్ తెలుగు చర్చిలో పెట్టినవి పెట్టినట్టే పోతున్నాయని ఫోనొచ్చింది. కొత్తవి పంపాం. అవీ పోయాయి. అక్కడి ఎలక్ట్రీషియన్ దానియేలును ఫోన్లో గుచ్చి గుచ్చి అడిగాను. సీలింగు పైన పాత వైర్లున్నాయా, పైపులున్నాయా, రేకు కారుతోందా, ఎలకలున్నాయా అని. అన్నిటికీ లేదన్నాడు. "పైన ఖాళీయే దీదీ, కుచ్ నహీ" అన్నాడు. శనివారం సాయంత్రం అక్కడ పెళ్ళి ఉందనీ, ఆ లోపు వెలుగు కావాలనీ చెప్పి పెట్టేశాడు. మా ఓనరు నా వంక చూశాడు. నేను టికెట్లు వెతకడం మొదలుపెట్టాను.

వైజాగ్ నుంచి సాయంత్రం విమానంలో చెన్నై చేరి, అక్కడి కుర్చీల్లో కునికిపాట్లు పడి, తెల్లవారుజామున అండమాన్ విమానం ఎక్కాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట. టికెట్టు మీద శ్రీ విజయపురం అని ఉంటుంది, కంగారు పడకండి, పేరు మార్చారంతే. నా పక్క సీటాయన దిగేదాకా పోర్ట్ బ్లెయిర్ అనే అన్నాడు. లైట్ల సంచీని పైన అరలో పెట్టమని ఎయిర్ హోస్టెస్ అడిగితే నేను ఒప్పుకోలేదు. నా లైట్లు నా కాళ్ళ దగ్గరే ఉండాలన్నాను. తలకు పైన కంటికి కనబడకుండా ఉండేదాన్ని నేను నమ్మను, అది నా వృత్తి నేర్పిన జబ్బు.

ఏడున్నరకల్లా బయటపడ్డాను. గోల్ ఘర్‌లో ఒక లాడ్జిలో సామాను పడేసి, ఎదురుగా కొట్లో పూరీ, బంగాళదుంప కూర తిని, చాథమ్ జెట్టీకి బస్సెక్కాను. అక్కడినుంచి బాంబూఫ్లాట్‌కి ఫెర్రీ. టికెట్టు ఏమంత కాదు గానీ, లారీలూ స్కూటర్లూ మనుషులూ అన్నీ ఒకేసారి ఎక్కుతాయి, కాళ్ళు జాగ్రత్త. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్కన నిలబడ్డ నడివయసు ఆవిడ పలకరించింది. డైరీ ఫార్మ్ అనే పేటలో టైలరింగు షాపట, పుట్టిల్లు హోప్ టౌన్.

"మా నాన్నోళ్ళది కళింగపట్నం దగ్గర దీదీ. నాకు తెలుగు మాటాడ్డం వస్తది, సదవడమే థోడా కష్టం" అంది.

చర్చి లైట్ల పని మీద వచ్చానని చెప్పాను. "మాది కూడా ఒకటుంది అక్కడ" అని నీళ్ళవైపు తిరిగింది. తనూ ఒక లైటుకు చందా ఇచ్చి ఉంటుందనుకున్నాను. అదీ పోయిందేమోనని మొహం చాటేసి, అవతలి ఒడ్డు వచ్చేదాకా లారీల మధ్య నిలబడ్డాను.

బాంబూఫ్లాట్ నుంచి ఆటోలో హోప్ టౌన్. ఊరు సముద్రం అంచునే ఉంది, చర్చి మాత్రం వెనక దిబ్బ మీద. చెక్క గోడలు, రేకు కప్పు, రేకుకు చాలా దగ్గరగా ప్లైవుడ్ సీలింగు. నా లైటు పుట్టిందే ఇలాంటి సీలింగుల కోసం. దానియేలు నిచ్చెనతో సిద్ధంగా ఉన్నాడు. రూతమ్మ టీచరు కూడా వచ్చారు. ఆవిడ సర్కారు బడిలో చేసి రిటైరయ్యారు, పెళ్ళికూతురు స్టెల్లా ఆవిడ కూతురే. "వందనాలమ్మా" అని చేతులు పట్టుకున్నారు. చుట్టాలు ఎక్కడెక్కడి దీవులనుంచో మధ్యాహ్నం బోటులో దిగాలి కాబట్టి పెళ్ళి సాయంత్రమే పెట్టుకోవాలట. ఇక్కడ ఐదున్నరకే చీకటి.

నిచ్చెనెక్కి, వేదిక పక్కన పోయిన లైటును పట్టి లాగాను. రాలేదు. నా లైటు రాకపోవడమేమిటని ఉక్రోషంతో గట్టిగా లాగాను. వచ్చింది. దాని వెనకనుంచి కరిగిన పాలిథిన్ జిగురులా సాగుతూ దిగింది. కాలిన గుడ్డ వాసన గుప్పున కొట్టింది.

సీలింగు పలక విప్పమన్నాను. దానియేలు టీచరు వైపు చూశాడు. ఆవిడ తల ఊపారు. అతను మేకులు తీశాడు. పలక ఒకవైపు కిందికి వంగగానే మొదటి పొట్లం జారి నా చేతుల్లో పడింది. దాని వెనక మరొకటి. టార్చి వేసి చూశాను. ఆ చివరనుంచి ఈ చివరదాకా, రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య ఉన్న జాగా అంతా పొట్లాలే. పాలిథిన్‌లో చుట్టి, తాళ్ళు కట్టి, పలచగా పరిచిన పొట్లాలు. నా లైట్లన్నీ వాటి కడుపులోకి తలలు దూర్చి, గాలాడక ఉడికిపోతున్నాయి. ఈ చర్చి ఇంకా తగలబడకుండా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు.

ఖాళీ అన్నావు కదా అని దానియేలు మీద విరుచుకుపడ్డాను. అతను నొచ్చుకున్నాడు. నేను వైర్ల గురించీ పైపుల గురించీ ఎలకల గురించీ అడిగానట, అవేవీ లేవు కదా అన్నాడు. లైటు పెట్టేటప్పుడు పైన మెత్తగా తగిలిందట, కొంచెం నొక్కితే కూర్చుందట. పైకెక్కి చూడక్కర్లేదని పెట్టె మీద రాసే ఉంది మరి.

టీచరు బెంచీ మీద కూర్చుని, నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. సునామీ నాడు నీళ్ళు ఇళ్ళన్నిటిలోకీ వచ్చాయి గానీ ఈ దిబ్బ ఎక్కలేదు. ఆవిడ తల్లి అప్పుడు నికోబార్‌లో ఉన్నారు, మళ్ళీ కనబడలేదు. ఇలాగే బంధువులను పోగొట్టుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

"మనిషి పోయాడని చెప్పడానికి ఆఫీసుకెళ్తే, అసలు ఆ మనిషి ఉండేవాడని ప్రూఫ్ క్యా హై అనేవోరమ్మా" అన్నారు. "ఇంట్లో కాయితాలు నీళ్ళు పట్టుకుపోయాయి, ఏటి చూపిస్తాం? అప్పట్నించి ఇంటికో పొట్లం ఇక్కడ పెట్టుకున్నాం. కాయితాలు, పోయినోళ్ళ బట్టలు. ఊళ్ళో ఇంతకంటే ఎత్తు లేదు."

రేకు చివరనున్న చిన్న తలుపులోంచి వెదురుగడతో లోపలికి తోస్తారట. ఎవరిది జరిగి ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. అందుకే నా చేతుల్లో పడ్డ పొట్లం తనదని టీచరు ముందు అనుకోలేదు. దాని మీది గుర్తు చూశాక లేచి నిలబడ్డారు.

అది ఆవిడదే. అందులో ఆవిడ తల్లి పెళ్ళినాటి తెల్ల పట్టుచీర ఉంది. నికోబార్ వెళ్తూ ఆ తల్లి కూతురి దగ్గర ఉంచి వెళ్ళిన చీర. శనివారం స్టెల్లా కట్టుకోవాల్సింది అదే. దానియేలు తాడు కోశాడు. పై మడత మీద, నా లైటు వెనకుండే అల్యూమినియం పళ్ళెం ఎంతుందో సరిగ్గా అంత, గుండ్రంగా కాలి చిల్లు పడింది. మడత విప్పితే కింద ఇంకో చిల్లు. దాని కింద ఇంకొకటి. లోపలికి వెళ్ళేకొద్దీ చిల్లు పోయి గోధుమరంగు మచ్చ, తర్వాత లేత పసుపు. ఆ చుట్టుకొలత నేను కాగితం మీద గీసింది.

టీచరు ఏడవలేదు. చీరను మళ్ళీ అవే మడతల మీద మడిచి, స్టెల్లాకు తనే చెప్తానన్నారు.

సాయంత్రం ప్రార్థన తర్వాత పెద్దలు కూర్చున్నారు. నేను ఉన్నమాట చెప్పాను. పైన పొట్లాలైనా ఉండాలి, లైట్లైనా ఉండాలి, రెండూ ఉంటే అగ్గి పుడుతుంది. పొట్లాలను ఇనప బీరువాలో పెట్టుకోవచ్చన్నాను, బ్యాంకు లాకరు అన్నాను. చీర కాలినావిడ ముందుగా నా పక్కన నిలబడతారని ధీమాగా ఉన్నాను. ఆవిడే ముందు లేచారు.

"లైట్లు తీసెయ్యమ్మా. మా పిల్ల పెళ్ళి టార్చీలతో చేసుకుంటాం. అవి మాత్రం దిగవు."

పెద్దలంతా తలలూపారు. కాలిన చీర చేతిలో పట్టుకుని ఆవిడ అలా అనడం చూసి నేను నిజంగా బిత్తరపోయాను, కోపమూ వచ్చింది. ఆ కోపంలోనే లాడ్జికి తిరిగొచ్చి, చేపల కూరతో అన్నం కలుపుకుని, తినలేక లేచాను. ఆవిడ మీద కోపమో, నా పెట్టె మీది అచ్చు మీద కోపమో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

మర్నాడు మొదటి ఫెర్రీకే వెళ్ళాను. సీలింగు లైట్లన్నీ పీకేశాం, రంధ్రాలకు పలకలు కొట్టాం. మిగిలింది గోడలు. చర్చి గోడలకు రెండు వరసల చెక్కలున్నాయి, మధ్యలో మూడు వేళ్ళు పట్టేంత సందు. నా లైటుకు అది చాలు. కానీ ఈసారి రంపం ముట్టుకునే ముందు, ఈ గోడలో ఏమైనా దాచారా అని దానియేలును అడిగాను, టీచరును అడిగాను, పాస్టరు గారిని అడిగాను. అయినా నమ్మక ఒక పలక ఊడదీయించి, చెయ్యి దూర్చి తడిమాను. ఒక పాత కందిరీగల గూడు, ఒక బల్లి. దానియేలు మొదటిసారి నవ్వాడు.

కిటికీల పైన రెండు వైపులా లైట్లు బిగించడానికి శుక్రవారం సాయంత్రం దాకా పట్టింది. ఆ రెండు రోజులూ ఎవరో ఒకరు వచ్చి తమ పొట్లం కిందికి తీయించుకోవడం, ఓ మూల కూర్చుని విప్పి మళ్ళీ కట్టి ఇవ్వడం చూశాను. ఏం కాలిపోయిందో చూసుకుంటున్నారనుకుని తలెత్తి వాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

శనివారం అయిదు దాటాక స్విచ్ వేశాను. గోడల్లోంచి వచ్చిన వెలుగు ఎదుటి చెక్కల మీద పడి, చర్చి అంతా ఎర్రగా, వెచ్చగా అయింది. పాటలు మొదలయ్యాయి, పెద్దవాళ్ళు పుస్తకాల్లో చూసి, కుర్రవాళ్ళు ఫోన్లో హిందీ అక్షరాల్లో రాసుకున్నది చూసి పాడారు. స్టెల్లా లోపలికి వచ్చింది. వేరే చీర కొని ఉంటారనుకున్నాను.

అదే చీర. కాలిన ప్రతి చిల్లు మీదా ఒక గుండ్రటి అతుకు. నీలం గళ్ళది ఒకటి, పసుపు పూలది ఒకటి, ఖాకీ, ఎర్ర నైలాను, చిన్నపిల్లల ఫ్రాకు లేసు. పవిట మీదనుంచి కుచ్చిళ్ళ దాకా. అవన్నీ ఒకేసారి చూసి నేను అయోమయంగా నిలబడిపోయాను. ఫెర్రీలో కలిసిన టైలరు ఆవిడ నా పక్కకు జరిగి, పవిట వైపు చూపించింది.

"ఆ నీలం గళ్ళది మా నాన్న లుంగీ, దీదీ. నేనే కుట్టినాను."

లాకరులో పెట్టమంటే ఒప్పుకోని మనుషులు. చర్చి తగలబడుతుందన్నా కిందికి దించని బట్టలు. వాటినే కత్తెరతో కోసి ఇచ్చారు. ఇన్నేళ్ళూ నేను వెలుగు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను గానీ, ఎవరైనా దేన్ని ఎక్కడ పెట్టుకుంటారో ఒక్కసారీ ఆలోచించలేదు. అక్కడే, అందరి మధ్యా, ఏడ్చేశాను. పెళ్ళిలో ఏడ్చేవాళ్ళు ఎటూ ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పెళ్ళి రాత్రి హోప్ టౌన్‌లోనే ఉండిపోయాను, ఆదివారం పొద్దున్నే విమానం. టీచరు నాతోపాటు ఫెర్రీ దాటి చాథమ్ జెట్టీ దాకా వచ్చారు. పాలిథిన్‌లో చుట్టిన అరచేతంత పొట్లం చేతిలో పెట్టారు. అతుకు వెయ్యడానికి చీరలోంచి కత్తిరించేసిన కాలిన ముక్క. ఇది నాకెందుకండీ అన్నాను. "నీది కూడా ఒకటి ఉండాలి కదమ్మా" అన్నారు, అంతే. ఆటో కదిలేదాకా అక్కడే నిలబడ్డారు.

విమానం బయలుదేరే ముందు ఎయిర్ హోస్టెస్ వచ్చింది. లైట్ల సంచీ ఈసారి దాదాపు ఖాళీ, ఆ పొట్లమొక్కటే బరువు. చిన్నదే కదా మేడమ్, సీటు కింద పెట్టుకోండి అంది. కుదరదన్నాను. లేచి, దాన్ని నా చేత్తోనే పైన అరలో పెట్టి, తలుపు మూసి, కూర్చున్నాను.