మంత్రిగారి టిఫిన్ డబ్బా

ఈ ఉదయం మణుగూరు సంతలో సారా కాచే ఇప్పపువ్వు వాసన తగిలింది. ఐదో తరగతి మిత్రులారా, మీకూ గుర్తుండే ఉంటుంది. సర్పంచ్‌గా మొదలై ఇప్పుడు మంత్రి అయిన మనవాడు మధ్యాహ్నానికి ఉడికించిన ఇప్పపువ్వే తెచ్చుకునేవాడు. "సారా డబ్బా వచ్చిందిరా, జరుగుండ్రి" అని ముక్కు మూసుకున్నది నేనే.

అతను మంత్రి అయిన రోజు "ఒకే డబ్బాలో తిన్నాం" అని మన ఈ గ్రూపులో గర్వంగా రాశాను. "అవ్ దోస్త్, అన్నీ యాదికున్నయ్" అని అతను బదులిచ్చాడు.

మనతోనే చదివిన నా భార్య అది చూసింది. "గట్ల ఎందుకు రాసినవ్? ఆయనతోని తిన్నది నేను గదా. తీసెయ్" అంది.

"రేపు తీస్తాలే" అన్నాను.

ఆమె పోయి మూడు నెలలైంది. ఆ పోస్టు ఈ రోజు తీసేశాను. అతని పక్కన కూర్చుని తిన్నది మనలో ఆమె ఒక్కతే.